పుచ్చు పన్ను, పద్దెనిమిది నిమిషాలు

"కదిలావంటే నా ఏడాది పోతుంది," అంది రోవెనా.

జునార్డ్ కదల్లేదు. నోటికి అడ్డంగా బిగించిన రబ్బరు షీట్‌లోంచి అతని పుచ్చు పన్ను ఒక్కటే పైకి కనిపిస్తోంది. మాట్లాడే వీల్లేక ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు. 'ఊపిరి పీల్చుకోవచ్చా, డాక్టరమ్మా?'

"ముక్కుతో."

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో దంతవైద్యం చదివేవాళ్ళు పరీక్షకి పేషెంటును తామే వెతుక్కోవాలి. జునార్డ్‌ను ఒప్పించడానికి రోవెనా నెల రోజులు అతను నడిపే జీప్నీ బస్సులోనే కాలేజీకి వచ్చింది. అతను అన్నాళ్ళు బెట్టు చేసింది డ్రిల్లు భయంతో కాదని ఆమెకు అనుమానం.

ఇది ఆఖరి కేసు. తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి. బయట వాన. గోడ గడియారంలో ఇంకా పద్దెనిమిది నిమిషాలు.

పుచ్చు తొలిచేసిన గుంటలో జిగురు పూసింది. ఫిల్లింగ్ మొదటి పొర పెట్టి నీలి లైటుతో గట్టిపరిచింది. అద్దం వంచి చూసి ఆగిపోయింది.

పన్ను మొదట్లో రబ్బరు చిరిగింది. అందులోంచి ఉమ్మి ఊరి, ఫిల్లింగ్ అంచు కిందికి పాకింది.

ఎవరూ చూడలేదు. పరీక్షకురాలు డాక్టర్ పలెన్సియా రెండు కుర్చీల అవతల ఉన్నారు. పైకి నున్నగా మెరుస్తోంది. పాసైపోతుంది.

'ఏమైంది?'

"తడి చేరింది," గొంతు తగ్గించింది. "జిగురు పట్టదు. కొన్నాళ్ళకి లోపల మళ్ళీ పుచ్చుతుంది. తీసి చేద్దామంటే టైమ్ చాలదేమో."

'ఉంచెయ్. పుచ్చితే మళ్ళీ నీ దగ్గరికే వస్తాగా.'

రోవెనా ఆ మాటలు రెండుసార్లు చదివింది. డ్రిల్లు అందుకుంది.

"నా దగ్గరికి రావడానికి పన్ను పుచ్చాలా? కదలకు."

పాతది తీసేసరికి ఇంకా పదకొండు నిమిషాలే మిగిలాయి. కొత్త షీట్. చెంప లోపల దూది చుట్టలు. ఉమ్మి లాగే గొట్టం. ఈసారి గాలితో ఆరబెట్టి, అద్దంలో నాలుగువైపులా చూసుకున్నాకే జిగురు ముట్టుకుంది.

ఆఖరి పొర మీద లైటు ఆరడం, గంట కొట్టడం ఒకేసారి జరిగాయి.

పలెన్సియా సన్నటి ముల్లుతో అంచులన్నీ గీకి చూశారు. "మొదటిది బాగానే ఉందే. ఎందుకు తీశావ్?"

చూశారన్నమాట.

"అడుగున తడి చేరింది, మేడమ్."

ఆమె 'పాస్' అని రాసి సంతకం పెట్టి వెళ్ళారు.

షీట్ తీయగానే, మత్తుకి వంకరపోయిన మూతితో జునార్డ్ అన్నాడు. "ఆదివారం భోజనానికి రా. అమ్మ రమ్మంది."

"మీ ఇంట్లో పుచ్చు పళ్ళున్నాయా? నాకిక పేషెంట్లతో పనిలేదు."

"తెలుసు. ఇన్నాళ్ళూ పిలవకుండా ఆగింది అందుకే."

రోవెనా గ్లవ్స్ తీయడానికి చాలాసేపు తీసుకుంది.

"అత్తయ్యకి ఏమిష్టమో చెప్పు. ఒట్టి చేతులతో రాలేను."