రెండు డోసుల సాక్ష్యం

ఏసుబాబుకు కరోనా వచ్చిందన్న కబురు అతని కంటే ముందు ఊరికి తెలిసింది. అతను ఫోన్‌లో మెసేజ్ చూసుకునే లోపే వీధి చివర నుంచి ఎవరో పలకరించారు, "ఏరా ఏసూ, నీకే వచ్చిందంటగా" అని. ఆ గొంతులో జాలి కంటే సంబరమే ఎక్కువ వినిపించింది.

మరి ఆ ఊళ్లో కరోనా ఎవరికైనా రావచ్చు గానీ ఏసుబాబుకు మాత్రం రాకూడదు. ఆ మాట తనే చర్చిలో మైకు పట్టుకుని చెప్పాడు.

ఇది రెండు వేల ఇరవై ఒకటి వేసవి నాటి మాట. ఎంత పాడు వేసవో అందరికీ తెలుసు. ఎన్నో ఇళ్లలో మనుషులు పోయారు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా, అది గుర్తొస్తే ఏసుబాబుకు ఆ రోజుల మీద బెంగ కలుగుతుంది. ఇలా బెంగపడటం తప్పేమోనని సిగ్గుపడతాడు, మళ్లీ అదే తలుచుకుంటాడు.

నాగాయలంక దగ్గర వాళ్ల ఊళ్లో అప్పుడతను యాభై ఇళ్లకు వాలంటీరు. అందుకని అందరికంటే ముందు ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, రెండు డోసులూ పడ్డాయి. వేసింది గ్రామ సచివాలయం నర్సు దీవెన. గుడివాడ అమ్మాయి, ఉద్యోగం కోసం దివిసీమకు వచ్చింది. మొదటి రోజు సూది చూడగానే ఏసుబాబు కళ్లు గట్టిగా మూసుకుని ముఖం గోడ వైపు తిప్పేశాడు.

"ఊరందరికీ చీమ కుట్టినట్టుంటుందని చెప్పింది మీరేగా అండీ. చీమకే ఇంత భయమా మీకు?" అంది దీవెన.

మాస్కు పైన ఆ రెండు కళ్లు నవ్వాయి. ఏసుబాబు ఆ రోజంతా చెయ్యి నొప్పి సంగతే మర్చిపోయాడు.

ఈస్టర్ ఆదివారం, దేవుడు చేసిన మేలును నలుగురిలో సాక్ష్యంగా చెప్పుకునే వేళ అతనూ లేచాడు. ఆ చర్చిలో సాక్ష్యం చిన్నగా చెప్పడం ఎవరికీ అలవాటు లేదు. రెండు రోజుల జ్వరం మైకు ముందుకు వచ్చేసరికి పది రోజులవుతుంది. ఏసుబాబు కూడా ఊపులో, రెండు డోసులు వేయించుకున్నాను, ఇక కరోనా నా దరిదాపులకు కూడా రాదు, దేవునికే స్తోత్రం అనేశాడు. చర్చంతా స్తోత్రం చెప్పింది. మర్నాడు టీకా క్యాంపుకు ముప్పై నాలుగు మంది వచ్చారు. అతన్ని పెంచిన నాయనమ్మ మార్తమ్మ మాత్రం మోకాళ్ల నొప్పులతో ఆగిపోయింది, వచ్చేసారి చూద్దాంలే అంది.

ఆ వచ్చేసారి లోపల మే నెల వచ్చింది, ఏసుబాబుకు జ్వరం వచ్చింది. రెండు పొడిపించుకున్నవాడికే వచ్చాక ఇక మనకెందుకని ఊరు టీకా వైపు చూడటం మానేసింది. డెబ్బై ఏళ్ల మనిషి, పైగా షుగరు ఉన్న మార్తమ్మ కూడా అదే మాట పట్టుకుంది. అతనికి తన జ్వరం కంటే అదే పెద్ద దిగులు. నాయనమ్మకు అంటిస్తానేమోనని ఊళ్లోని నరసింహారావు గారి రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డుకు మకాం మార్చేశాడు.

మొదటి రోజే దీవెన ఫోన్ చేసింది. ఎలా ఉందని అడుగుతుందేమోననుకుంటే, ముందు తగువు వేసుకుంది.

"మీకసలు రాదని నేనెప్పుడు చెప్పానండీ? టీకా వేసుకున్నా రావచ్చు. ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. నేను చెప్పింది అంతే కదా."

ఏసుబాబు దగ్గాడు. దగ్గు విని ఆమె గొంతు మెత్తబడింది.

ఇంట్లో ఉండి మందులు వాడేవాళ్లకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందో రాసుకోవడం ఆమె పని. మిగతావాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడేదట. ఇతనితో ఆ లెక్క మెల్లగా తప్పింది. నాయనమ్మ పంపిన చేపల పులుసు వాసన తెలియడం లేదని అతను వాపోతే, రొయ్యల చెరువు పక్కన ముక్కు పని చేయకపోవడం కూడా అదృష్టమేనంది. గుడివాడలో వాళ్ల నాన్న స్టీఫెన్ గారు టైలరనీ, ఆదివారం మిషను ముట్టరనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక గట్టు మీద గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఏసుబాబు మళ్లీ సాయంత్రం కోసం చూసేవాడు.

ఏడో రోజు మధ్యాహ్నం ఆక్సిజన్ తొంభై మూడుకు పడింది. ఏసుబాబు ఫోన్ చేస్తే అరగంటలో దీవెన స్కూటీ మీద వచ్చేసింది. చెరువుకు అవతలి గట్టున నిలబడి, నూట ఎనిమిదికి చెప్పి ఉంచాను, ముందు బోర్లా పడుకోండి, ఊపిరి బాగా ఆడుతుంది అని ఫోన్‌లో చెప్పింది. ఉన్నట్టుండి వాన అందుకుంది. ఆమె గొడుగు గాలికి తిరగబడింది. తడుస్తూనే అక్కడే నిలబడి, పది నిమిషాలకొకసారి అంకె అడిగింది. తొంభై ఆరు అని చెప్పేసరికి సాయంత్రమైంది. ఈ అమ్మాయిని వదులుకుంటే తనంత దురదృష్టవంతుడు ఉండడని ఏసుబాబుకు అప్పుడే తెలిసిపోయింది.

వెళ్లే ముందు ఆమె ఒక మాట చెప్పింది.

"ఈస్టర్ రోజు నేనూ చర్చిలోనే ఉన్నానండీ. మీరు చెప్పింది తప్పని తెలుసు. లేచి కాదంటే మర్నాడు ఎవరూ రారని నోరు మూసుకున్నాను. మీ నాయనమ్మ గారు వేయించుకోనంటున్నారంటే అందులో నా తప్పూ ఉంది."

చెప్పింది నేను, దిద్దాల్సిందీ నేనే అన్నాడు ఏసుబాబు.

పద్నాలుగో రోజు ఆమె ఫోన్ చేసి, ఇవాళ్టితో అయిపోయింది, ఇక ఫోన్ చేయక్కర్లేదు అంది. అడగకపోయినా ఏసుబాబు ఆక్సిజన్ అంకె ఇంకోసారి చెప్పాడు. చివరికి మన హీరో గారు అన్నది, "సరేనండి."

కర్ఫ్యూ రోజులు కాబట్టి అప్పుడు ఆరాధన మైకులోనే జరిగేది. పాస్టరు సామ్యేలు గారు లోపల ఒంటరిగా ప్రార్థన చేస్తే, జనం ఎవరి అరుగుల మీద వాళ్లు కూర్చుని వినేవారు. జూన్‌లో ఒక ఆదివారం ఆ మైకులో ఏసుబాబు గొంతు వినిపించింది.

"ఈస్టర్ నాడు నేను చెప్పింది అబద్ధం. రాదని నాకెవరూ చెప్పలేదు, గొప్ప కోసం నేనే కలిపాను. వచ్చింది. ఒక పూట పోతానేమోనని ఏడ్చాను కూడా. ఆస్పత్రి దాకా పోకుండా లేచానంటే టీకా పనిచేయబట్టేనని నర్సమ్మ గారు చెప్పారు, నేను నమ్ముతున్నాను. టీకా లేని మా నాయనమ్మకి ఇదే వస్తే తట్టుకోలేదు. ఆవిడ తప్ప నాకెవరూ లేరు."

మైకు ఆగింది. ఎక్కడా స్తోత్రం వినిపించలేదు. ఇంటికెళ్తే మార్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది, తల ఎత్తలేదు.

గురువారం క్యాంపులో మొదటి కుర్చీలో కూర్చుంది మార్తమ్మే. ఏసుబాబు వరస చూస్తూ అక్కడే ఉన్నాడు. సూది అయ్యాక అరగంట కూర్చోవాలి కదా, ఆవిడ ఊరికే కూర్చునే మనిషి కాదు.

"ఈస్టరప్పుడు వీడు కోతలు కోస్తన్నాడనుకున్నాను. మొన్న నలుగురిలో తప్పు ఒప్పుకున్నాడు, అప్పుడు నమ్మాను," అని దీవెన చెయ్యి పట్టుకుంది. "ఫోన్ మోగుతుందేమోనని రోజంతా దాన్నే చూస్తన్నాడమ్మాయ్. నోరు తెరిచి అడగడు."

దీవెన అతని వైపు చూసింది. ఇక తప్పదని ఏసుబాబు ముందుకొచ్చాడు.

"జబ్బు పడితేనే మీరు ఫోన్ చేస్తారంటే నేను బతకలేనండీ. నాకు మీరంటే ఇష్టం."

దీవెన రిజిస్టరులో ఏదో వెతికింది. "లిస్టులో మీ పేరు తీసేశారండీ," అంది నెమ్మదిగా. "ఇక నేను చేస్తే అది డ్యూటీ కాదు."

"కాకూడదనే నేనూ కోరుకుంటున్నానండీ."

ఆమె తర్వాతి వాళ్లను పిలిచింది. ఆ రోజు యాభై ఒక్క మంది వేయించుకున్నారు.

సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. ఏసుబాబు మొదటి రింగుకే ఎత్తాడు.

"నాన్నతో చెప్పానండీ," అంది దీవెన. "ఆదివారం ఆయన మిషను ముట్టరు, ఇంట్లోనే ఉంటారు. కర్ఫ్యూ పెట్టేలోపు తిరిగెళ్లేలా, మీ నాయనమ్మ గారిని తీసుకుని పొద్దున్నే రమ్మన్నారు."