రెండు తెరల కార్డు

“గింత చిన్నదా? నా పనికి గిదే సరిపోతదని మీరెట్ల చెప్తున్నరు?”

కౌంటరు మీదున్న డబ్బాను నిఖిత వేలితో వెనక్కి నెట్టింది. విజయేందర్ దాన్ని మళ్లీ ముందుకు జరిపాడు. కరీంనగర్‌లో కంప్యూటర్ దుకాణం పెట్టినప్పటి నుంచి ధర తగ్గించమని కొట్లాడేవాళ్లను ఎందరినో చూశాడు. ఎక్కువ ధర సరుకు ఇవ్వనన్నందుకు కొట్లాడే మనిషి మాత్రం ఇప్పుడే తగిలింది.

“మేడం, మీరు ఏం పని చేస్తరు?”

“మందమర్రిల మాకు స్టూడియో ఉంది. పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త, ఫుల్ హెచ్‌డీ. రెండు మానిటర్లు కావాలె. ఒక దాంట్ల ఎడిటింగ్ చేస్తుంటే ఇంకో దాంట్ల వీడియో నిండుగ కనవడాలె.”

“గేమ్స్ ఆడుతరా?”

“నేను ఆడేటట్టు కనవడుతున్ననా?”

“అయితే గీ గ్రాఫిక్స్ కార్డు చాలు. రెండు మానిటర్లు పెట్టుకోవచ్చు, హెచ్‌డీ ఎక్కడా ఆగకుండ నడుస్తది. మీరు అడిగే పెద్దది గేమ్స్ ఆడేటోళ్లది. దానికి మీ పాత సిస్టంల కరెంటు చాలదు. లోపల సప్లయ్ డబ్బా కూడ మార్చాలె.”

“ఆడపిల్ల కదా, చిన్న పనే చేస్తదనుకున్నరు.”

విజయేందర్‌కు అది చురుక్కుమంది. “పెద్దది అమ్మితే నాకే లాభం మేడం. లాభం వద్దన్నోణ్ని పట్టుకొని తిడుతున్నరు.”

అప్పటిదాకా డబ్బాలనే చూస్తున్న నిఖిత, అప్పుడు అతని మొహం చూసింది. సరుకు అసలుదో నకిలీదో తేల్చుకునేవాళ్లు చూసినట్టు, కొంచెం ఎక్కువ సేపే చూసింది.

“తప్పయితే?”

“వాపస్ తీస్కుంట. పెద్దది నేనే తెచ్చి పెట్టి పోత.”

“మందమర్రి దాంక?”

“మాట ఇచ్చిన కదా.”

ఆమె కార్డు తీసుకొని వెళ్లిపోయింది. దుకాణదారుడు నోటిమాట ఇచ్చాడంటే ఉద్దెరకు సరుకిచ్చినట్టే. అది తిరిగొచ్చేదాకా మనసులో ఒక మూల గుర్తుంటూనే ఉంటుంది. విజయేందర్‌కు ఆ మాటతో పాటు ఆ చూపు కూడా గుర్తుండిపోయింది.

కొన్నాళ్లకు నిఖిత, రెండో మానిటర్‌లో రంగులు వేరుగా వస్తున్నాయని ఫోన్ చేసింది. సరిచేయించాడు. మౌసు ఒక తెర మీంచి ఇంకో తెర మీదికి పోవట్లేదని చేసింది. కుడి మానిటర్‌ను సెట్టింగుల్లో ఎడమవైపు పెట్టుకుందని చెప్పి నవ్వాడు. తర్వాత ఏ ఇబ్బందీ లేకపోయినా చేసింది. “మేడం” పోయింది, “మీరు” పోయింది.

ఒకటే చిక్కు. ఒకరోజు వీడియో కాల్‌లో నిఖిత వైర్లు చూపిస్తుంటే ఆమె తండ్రి పోశం గదిలోకి వచ్చాడు. ఆయన్ను ఏమని పిలవాలి? ఆ ఊళ్లలో పెద్దవాళ్లందరూ కాకలే. కానీ ఆయన్ను “కాకా” అంటే నిఖిత చెల్లెలవుతుంది. “మామా” అంటే ఇంకా ఎవరూ అడగని మాటకు తానే జవాబు చెప్పినట్టవుతుంది. ఒకటి అంటే నష్టం, ఇంకోటి అంటే ప్రమాదం. విజయేందర్ ఒట్టి నమస్తేతో ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత ఒక పొద్దున మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి నిఖిత నేరుగా సంగతిలోకి వచ్చింది.

“విజయ్, రెండు మానిటర్లూ బంద్ అయితున్నయి. వీడియో ఫైనల్ చేద్దామని పెడితే సగం గూడ కాకముందే నల్లగయి, సిస్టం మళ్ల మొదటి నుంచి లేస్తుంది.”

“ఎప్పటి సంది?”

“నిన్నటి సంది. రేపు సాయంత్రం ఆసిఫాబాద్‌ల రిసెప్షన్. ఫంక్షన్ హాల్ల పెద్ద తెర మీద మా వీడియోనే వేస్తరు. గంత పెద్ద ఆర్డర్ నాకు మొదటిసారి. గిది చెడిపోతే నాకు ఇంకో పెండ్లి ఎవ్వరిస్తరు?”

వేరే రోజయితే ఆ మాట పట్టుకొని ఆటపట్టించేవాడు. ఇప్పుడు తప్పు ఎక్కడుందో వెతికాడు.

“లోపలికి దుమ్ము ఏమన్న పోయిందా?”

“దుమ్ము పోయేదే లేదు. బాపు మస్తు జాగ్రత్త చేసిండు.”

అయితే తప్పు కార్డుదే. అంటే తనది. పెద్ద కార్డు, కొత్త సప్లయ్ డబ్బా సంచిలో వేసుకొని, దుకాణానికి తాళం పెట్టి బస్సెక్కాడు.

పెద్దపల్లి దాటినా వాన సన్నగా పడుతూనే ఉంది. సంచి తడవకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మిన సరుకు వాపస్ రావడం వ్యాపారంలో మామూలే. సరుకుతో పాటు నమ్మకం కూడా వాపస్ వస్తే దాన్ని ఏ అల్మారాలో పెట్టాలి? పెద్దది అడిగిన మనిషికి పెద్దదే ఇచ్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మంచి చేయబోయి ఆమె పనిని తక్కువగా లెక్కగట్టానేమో. గోదావరి బ్రిడ్జి మీద బస్సు నెమ్మదిస్తే, దిగి నెడదామా అనిపించింది.

మందమర్రిలో బొగ్గు గనుల కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ముందు గదే స్టూడియో. నిఖిత ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడుతుందనుకున్నాడు.

“తడిసినవ్,” అని తువ్వాల చేతికిచ్చింది. తిట్టినా బాగుండు అనుకున్నాడు.

పోశం కుర్చీలో కూర్చొని ఉన్నాడు. బొగ్గు బాయిలో, కిందికి గాలి సరిగ్గా ఆడుతుందో లేదో చూసుకునే పని ఆయనది.

“నువ్వేనా పిలగా, కరీంనగర్ల కార్డు అమ్మింది?”

“నేనే...” ఆ తర్వాత రావలసిన పిలుపును మింగేసి, విజయేందర్ టేబుల్ కిందికి వంగాడు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు. సీపీయూకు మందపాటి నీలం బట్టతో గలీబు తొడిగి ఉంది. ముందు గుండీలు, వెనక వైర్లకు మాత్రం చిన్న చిల్లు. ఎక్కడా సందు లేదు. చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టెలా కాలింది.

“ఇది ఎవరు కుట్టిండ్రు?”

“నేనే కుట్టించిన, మొన్ననే,” పోశం గర్వంగా ముందుకు జరిగాడు. “మా ఊర్ల బొగ్గు దుమ్ము ఎట్లుంటదో నీకేమెరుక? కొత్త కార్డు ఖరాబు కావొద్దని నా పాత డ్రెస్సు బట్ట పెట్టిన. దోమ గూడ దూరది.”

పొద్దుటి నుంచి గుండె మీదున్న బరువు ఒక్కసారిగా దిగింది. ఆ దిగడంలో నోటికున్న తాళం కూడా ఊడింది.

“గాలి లేకుండ మీరు బాయిల దిగుతరా మామా?”

నిఖిత చేతిలో మౌసు ఆగిపోయింది.

“ఏమన్నవ్?” అన్నాడు పోశం.

“అదే... లోపల వేడి అయితే కార్డు తనంతట తనే బంద్ అయితది. గాలి...”

“గాలి సంగతి నాకెరుకే. గాలి తర్వాత ఏమో అన్నవ్.”

“కాకా, పొరపాటయింది” అంటే చాలు, బయటపడొచ్చు. కానీ ఆ ఒక్క మాటతో అన్నీ పోతాయి.

“ముందుగాల దీన్ని నడవనియ్యిండ్రి,” అన్నాడు.

గలీబు విప్పి, దుమ్ము దులిపి, చల్లారనిచ్చి, పాత కార్డుతోనే మళ్లీ మొదలుపెట్టాడు. ఎడమ తెర మీద, వీడియో ఎంతవరకు తయారైందో చూపే ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది. కుడి తెర మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు తలంబ్రాలు పోసుకుంటున్నారు. ముగ్గురూ గీతనే చూస్తున్నారు. నిన్న ఆగిన చోటుకు వచ్చేసరికి నిఖిత కళ్లు మూసుకుంది.

“దాటింది,” అన్నాడు విజయేందర్.

గీత చివరిదాకా నిండాక పోశం గొంతు సవరించుకున్నాడు.

“తప్పయితే వాపస్ తీస్కుంట అన్నవట గదా. తప్పు కార్డుది కాదు, నాది. మరి నన్ను పిలిచిన గా మాట సంగతేంది? వాపస్ తీస్కుంటవా?”

విజయేందర్ నిఖిత వైపు చూశాడు. ఆమె తెర వైపే చూస్తోంది. వేళ్లు మాత్రం ఒళ్లో ఉన్న గలీబు గుండీని పెడుతున్నాయి, తీస్తున్నాయి.

“తీస్కోను. మా అవ్వను, బాపును తోల్కొని వస్త. అప్పుడు గూడ గదే పిలుపు పిలుస్త. నిఖిత ఒప్పుకుంటే.”

“ఏమంటవ్ బిడ్డా?”

నిఖిత మూలకున్న సంచి వైపు చూసింది.

“విజయ్, తెచ్చిన గా పెద్ద కార్డు ఏం చేస్తవ్?”

“నీకు కావాలంటే పెట్టి పోత.”

“అక్కర్లే,” అంది, ఈసారి సూటిగా అతన్నే చూస్తూ. “మన పనికి గిదే సరిపోతది.”

పోశం గలీబు తీసుకొని, మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. వంటింటి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“చాయ్‌ల అల్లం వెయ్యమనాల్నా, అల్లుడా?”