వీరగల్లుల గదిలో పిలుపు

హలో... ఆఁ, వినిపిస్తాందా? ఫోను చెవి దగ్గర పెట్టుకోండి, గట్టిగా చెప్పే కథ కాదిది. పిల్లకాయలూ, ఈ పొద్దు ఒక లవ్ స్టోరీ చెప్తా. కొంచిం భయం కూడా అయితాది, ముందే చెప్తాండా.

పెనుకొండలో ఒక చిన్న మ్యూజియం ఉండాదనుకోండి. చుట్టుపక్కల చేన్లలో దొరికిన వీరగల్లులు, అంటే యుద్ధంలో సచ్చినోళ్ల బొమ్మలు చెక్కిన రాళ్లు, అన్నీ వెనక గదిలో నిలబెట్టినారు. కిటికీ ఒకటే. పగలే లైటు వేసుకోవాల.

ఆడికి హిస్టరీ డిగ్రీ పిల్లోళ్లు ఇద్దరు ఇంటర్న్‌షిప్‌కి వచ్చిరి. జయచంద్ర హిందూపురంలో చదువుతాండాడు, ఊరు అగళి, ఇంట్లో కన్నడం. చౌడేశ్వరిది ధర్మవరం, మగ్గాలోళ్ల ఇల్లు. మెత్తని బ్రష్‌తో రాళ్ల దుమ్ము తీసి, ఫోటో కొట్టి, నంబరు వేయాల. అదీ పని. వాడు ఈ మూల, ఆ పిల్ల ఆ మూల, నడమ రాళ్లు.

మొదటి దినమే గొడవ.

"ఏమప్పా, చౌడీ అని పిలుస్తాండావు? మా ఇంట్లో పేరు నీకెవురు చెప్పిరి?"

"నేను పిలవలే! నువ్వు పిలిస్తేనే వస్తాండా అని లేచినా."

"నేనా? నిన్నా? నీ పేరే సరిగ్గా తెలీదు నాకు!"

అది మొదలు దినామూ అదే కత. వాడు వస్తాండా, వస్తాండా అని పరిగెత్తుకోని వచ్చేది, ఆ పిల్ల తిట్టి పంపేది. తిట్లైనా సరే, ఆ గొంతుకు వాడు పడిపాయ. బస్సు కండక్టర్ మాదిరి గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాది లే ఆ పిల్ల.

కడాకి తేల్చేసింది. "ఇంకోసారి పిలిచినావంటే మ్యూజియం మేడమ్‌నడిగి లేపాక్షికి వేయించుకుంటా. మళ్లీ నా ముఖం చూడవు."

వాడు దావకు అడ్డం నిలబడె. "రేపు నీ ఎదురుగానే కూర్చుంటా, నోటికి టవలు కట్టుకోని. అప్పుడూ పిలుపు వస్తే నాది కాదని నమ్ముతావా?"

మరుసటి దినం మధ్యాన్నం వాన. టవలు కట్టుకోని కూర్చున్యాడు.

"దొంగ మాదిరి ఉండావు," అని నవ్వింది.

కరెంటు పాయ. వాన చప్పుడు తప్ప ఏమీ లే. అప్పుడు రాళ్ల వెనకాల నుంచి, మెల్లగా, "చౌడీ..."

ఆ పిల్లకు వినపడిన గొంతు వానిదే. వాని నోటికి టవలు అట్లే ఉండాది.

వాడూ అదిరిపడి లేచె. ఇద్దరూ వరండాలోకి పడిరి.

"నన్నెందుకు పిలిస్తివి?" అన్యాడు టవలు పీకి. "జయా, బారో ఇల్లి, ఇట్ల రారా అని, కన్నడంలో?"

"నాకు కన్నడం రాదప్పా!"

వరండాలో వాచ్‌మన్ సంజీవప్ప టీ తాగుతాండె. "ఎవురి గొంతుతో పిలిచె పాపా?"

ఇద్దరూ తలకాయ వంచుకునిరి.

"సిగ్గెందుకు? మనసులో ఎవురుంటే వాళ్ల గొంతు తీసుకుంటాదది. నన్ను నా పెండ్లాం జయమ్మ గొంతుతో పిలుస్తాది. ఆయమ్మ పోయి శానా ఏండ్లాయ."

జయచంద్ర ఓరగా చూసె. "అంటే నీకు..."

"నోరు మూసుకో. నీకు మాత్రం ఎవురిది వినపడె?"

సంజీవప్ప నవ్వలే. "బదులు పలికినారా? పలికేకొద్దీ ఆ గొంతు దానిదైపోతాంటాది, కడాకి మనకు మిగలదు. నేను పలికినా. జయమ్మ ఇంట్లో ఎట్ల మాట్లాడతాండెనో ఇప్పుడు గుర్తుకే రాదు. ఆ గదిలోనే వినిపిస్తాది. అందుకే రిటైరైనా ఈడనే ఉండా."

పిల్లోడు గబక్కన ఆ పిల్ల పక్కకు తిరిగె. దినామూ పలికిండాడు కదా, వస్తాండా అని!

"చౌడేశ్వరీ, ఏమన్నా మాట్లాడు."

ఆ పిల్ల పెదాలు ఆడతాండాయి. గొంతు వాని చెవికి రాలే. వాన చప్పుడే.

"వినపడలే," అన్యాడు. కండ్లలో నీళ్లు. "నీది వినపడలే."

ఆ పిల్ల భయపడె. భయపడి ఊరుకోలే, దగ్గరికొచ్చి వాని చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడ్డం మొదలుపెట్టె. ఏం చెప్తాందో వానికి తెలీదు. ఆపలే. లోపల గదిలో ఏదో ఆ పిల్ల మాదిరే నవ్వినట్లాయ. అయినా ఆపలే. వాన సన్నబడేదాకా మాట్లాడె. అప్పుడు, బాయి అడుగు నుంచి వచ్చినట్ల, మెల్లగా...

"...అందుకే నువ్వంటే నాకిష్టం, అర్థమాయనా?"

"వినపడె! ముందర ఏం చెప్తివి?"

"శానా చెప్తి. మంచివన్నీ అప్పుడే అయిపాయ. మళ్లీ చెప్పను పో."

"ఒకటన్నా చెప్పు!"

"దినామొకటి చెప్తా. ఎన్నేండ్లు పడతాదో నీ ఇష్టం."

చదువులైనాక పెద్దోళ్లు పెండ్లి మాటలకు కూర్చునిరి. ఆ పిల్ల అవ్వ అనసూయమ్మ పిల్లోన్ని పైకీ కిందికీ చూసి, "అబ్బయా, మా చౌడీ నిద్రలో కూడా మాట్లాడతాది. తట్టుకుంటావా?" అనె.

"అదే కావాలవ్వా," అన్యాడు వాడు గట్టిగా. ఎందుకంత గట్టిగా అన్యాడో ఎవురికీ అర్థం కాలే.

సంజీవప్ప మాత్రం ఇంకా సాయంత్రం తాళం వేసే ముందర ఆ గదిలోకి పోయి కొంచేపు నిలబడతాడు.

సరే పిల్లకాయలూ, ఈ కథ మీకిష్టమైన మనిషికి పంపండి. ఊరికే ఫార్వర్డ్ కొట్టి వదిలేయొద్దండి. ఒక ఫోను చేసి, మీ నోటితో నాలుగు మాటలు మాట్లాడండి. వాళ్లవీ నాలుగు వినండి.