రౌటర్ ఒప్పుకోని గుండె

నీలవేణి ల్యాప్‌టాప్ తెర మీద మళ్ళీ అదే మాట కనిపించింది: ‘గుర్తు తెలియని వ్యక్తి. కనెక్షన్ ఇవ్వడం కుదరదు.’ అవతల ఆమె శిష్యులు వీణలు ముందు పెట్టుకుని పాఠం కోసం ఎదురుచూస్తున్నారు.

ఆ కాలానికి విశాఖలో పాస్‌వర్డ్‌లు దాదాపు కనుమరుగయ్యాయి. ఎంత పొడవుగా పెట్టినా దొంగిలించే ప్రోగ్రాములు వచ్చేశాయి. అందుకే శాస్త్రవేత్త డాక్టర్ భ్రమరాంబ కొత్త రౌటర్ తయారుచేసింది. వైఫై తరంగాలు గది నిండా పరుచుకుని, మనిషి ఒంటిని తాకి వెనక్కి వస్తాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీలో కలిగే సన్నటి కదలిక ఆ తరంగాల్లో పడుతుంది. ఆ లయే పాస్‌వర్డ్. బజారులోకి రాకముందు పరీక్షించడానికి ఆమె ఎంచుకున్నది చిన్ననాటి స్నేహితురాలు నీలవేణి ఇంటిని.

ఫోన్ చేయగానే భ్రమరాంబ వచ్చింది. సెట్టింగ్స్ పేజీ తెరిచి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

“ఏమైందే?” అంది నీలవేణి.

“ఏం లేదు. నీ లయని మరీ కచ్చితంగా పోల్చి చూస్తోంది. కొంచెం సడలిస్తాను.”

“మా ఆయన్ని ఒక్కసారీ ఆపలేదు. నన్నే ఎందుకు ఆపుతోంది?”

“యంత్రం కదా, నేర్చుకోవాలి. నువ్వేం కంగారుపడకు.”

రౌటర్ ఒప్పుకుంది. కొన్నాళ్ళకు మళ్ళీ కాదంది. భ్రమరాంబ వచ్చి ఇంకొంచెం సడలించింది. వచ్చినప్పుడల్లా నీలవేణి ఆమెకి పెసరట్టు వేసి పెట్టేది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఒకసారి చెప్పింది కూడా. “వయసొస్తోంది మనకి,” అని భ్రమరాంబ నవ్వేసింది.

వానాకాలం మొదట్లో, పాఠం మధ్యలో నీలవేణి వీణ మీదకి ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె భర్త పైడిరాజుతో అన్నాడు: “గుండె లయ తప్పి చాలా నెలలైనట్టుంది. ముందే వచ్చుంటే మందులతో సరిపోయేదేమో. ఇప్పుడు పేస్‌మేకర్ పెట్టక తప్పదు.”

మంచం మీదున్న నీలవేణికి ఆ మాట వినగానే రౌటర్ గుర్తొచ్చింది.

చూడ్డానికి వచ్చిన భ్రమరాంబని ఆమె కూర్చోమనలేదు. “నా గుండె మారిపోయిందనే కదా అది నన్ను ఆపింది. నీకు తెలుసా?”

భ్రమరాంబ కిటికీ వైపు చూసింది. “అనుమానం వచ్చింది. కానీ అది మనుషుల జబ్బులు కూడా చూస్తుందని బయటపడితే, వైద్య పరికరమంటూ ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. ఏళ్ల తరబడి చేసిన పని, వేణీ. పరీక్ష అయిపోగానే చెబుదామనుకున్నాను.”

“ఆయాసమని నీకు చెప్పాను.”



పేస్‌మేకర్ నడిపే కొత్త లయతో ఇంటికొచ్చిన నీలవేణి రౌటర్‌కి పూర్తిగా పరాయిదైపోయింది. వీధి తలుపు, దీపాలు కూడా దానికే కలిపి ఉండడంతో ఏదీ ఆమె మాట వినలేదు. పాత సెట్టింగ్స్ చెరపాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలి. అడ్మిన్‌గా నమోదైంది భ్రమరాంబ గుండె. గత్యంతరం లేక పైడిరాజు ఆమెకే కబురు పెట్టాడు.

భ్రమరాంబ గుమ్మంలోకి రాగానే తలుపు దానంతటదే తెరుచుకుంది. కుర్చీలో కూర్చున్న నీలవేణి అది చూసింది.

“అన్నీ తీసెయ్,” అంది. “నీది కూడా.”

భ్రమరాంబ నమోదైన గుండె లయలన్నీ ఒక్కొక్కటే చెరిపి, లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. అది ఇప్పుడు ఆమెకీ తెరుచుకోలేదు. ఎక్కడో పడేసిన పాత తాళంచెవిని పైడిరాజు వెతికి తెచ్చేదాకా, ఆ ఇద్దరూ ఒకే గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండిపోయారు.