ఒక్కసారే పాడే పాట

ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు కదిలే వేళకే వాన అందుకుంది. సోమ్లి తడుచుకుంటూ ఎక్కి చూస్తే ఒక్కటే సీటు ఖాళీ. ఖాళీ అని కూడా అనలేం. నల్ల సంచీ తొడుక్కుని ఆ సీట్లో ఒక గిటార్ దర్జాగా కూర్చుని ఉంది. కిటికీ పక్కన దాని యజమాని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

“దీనికి టికెట్ కొట్టిచ్చినవా?” అంది సోమ్లి.

వినిపిస్తేగా. ఆమె వంగి గిటార్ భుజం తట్టింది. అతను ఉలిక్కిపడి లేచి, ఆమె సంచిలోంచి తొంగిచూస్తున్న తెల్ల కోటు చూసి, నర్సు అని పోల్చుకుని, గిటార్‌ను ఒళ్లోకి లాక్కున్నాడు.

“సారీ సిస్టర్.”

“దవాఖానల సిస్టర్‌ను. బస్సుల కాదు.”

కండక్టర్ నవ్వాడు. ముందు సీటు వాళ్లు కూడా నవ్వారు. అతను మాత్రం చెవులదాకా ఎర్రబడి కిటికీ వైపు తిరిగాడు. కాసేపు ఓర్చుకుని మళ్లీ కూనిరాగం మొదలుపెట్టాడు. సోమ్లి ఊరుకునే మనిషి కాదు. అది వాళ్ల లంబాడీ తండాలో తీజ్ పండగకు, బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ ఆడపిల్లలు పాడే పాట. అతను పాడుతున్నది తప్పు.

“గట్ల నిద్రమత్తుల పాడితే బుట్టల్ల మొలకలు గూడ ఎండిపోతయ్,” అని ఆమె అసలు వరస అందుకుంది. బస్సు ఎల్లెందు చేరేలోపు అతనికి పాట వచ్చింది. టేకులపల్లిలో ఇద్దరూ ఒకే చోట దిగాల్సినవాళ్లని కూడా తెలిసింది. ఫోన్ నంబర్ తను చేస్తున్న పాటల ఆల్బమ్ పని కోసమే తీసుకుంటున్నానని అతనన్నాడు. ఆల్బమ్ పని కోసమే ఇస్తున్నానని ఆమె అంది. ఇద్దరూ ఆ మాట నమ్మినట్టే మొహం పెట్టారు.

అతని పేరు మార్కు. తల్లి విశ్రాంతమ్మ టేకులపల్లిలో అంగన్‌వాడీ టీచరు. ఆదివారం చర్చిలో గిటార్ వాయించడం, మిగతా రోజుల్లో ఖమ్మం వెళ్లి పిల్లలకు గిటార్ నేర్పడం, ఇదీ మార్కు బతుకు. కల మాత్రం వేరే ఉంది. ఈ అడవి అంచు ఊళ్ల మీద తనే పాటలు రాసి, ఇక్కడి వరసలకు గిటార్, డ్రమ్స్ కలిపి ఒక ఆల్బమ్ చెయ్యాలి. దానికి పేరు కూడా పెట్టేసుకున్నాడు, ‘వాగు అవతల’ అని. తునికాకు కోతకు పోయే తల్లి మీద ఒక పాట, ఆఖరి బస్సు తప్పిపోయినవాడి మీద ఒకటి, ఇలా. మంచి పాటలే. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలామంది కాదన్నారు.

ఏడాది పొడుగునా సోమ్లి సెలవు దొరికినప్పుడల్లా వచ్చి అతని పాటలు వింది, వెక్కిరించింది, దిద్దింది. మార్కుకు ఆమె మీద ప్రేమ పుట్టడానికి అంతకాలం పట్టలేదు గానీ, చెప్పడానికి మాత్రం ముహూర్తం కుదరలేదు. ముందు ఆల్బమ్ పూర్తి చెయ్యాలి, పదిమంది మెచ్చుకోవాలి, అప్పుడు తలెత్తుకుని వాళ్ల నాయన దేవ్లా ముందు నిలబడాలి. వట్టి చేతులతో, పైగా వేరే మతం వాణ్ణి, ఏమని అడుగుతాను అని అతని బాధ. లోపల ఇంత ఉంది గానీ పైకి మాత్రం ఎప్పుడూ గిటార్ కార్డ్స్ గురించీ మైకుల గురించే మాట్లాడేవాడు.

“ఆల్బమ్ అయినంక ఏం జేస్తవ్?” అని ఒకసారి చాయ్ దగ్గర ఆమె అడిగింది.

“ఇంకో ఆల్బమ్.”

సోమ్లి మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది.

ఆల్బమ్‌కు చివరి పాట మిగిలిపోయింది. తండా ఆడవాళ్ల గొంతుతో, ఏ వాయిద్యమూ లేకుండా ఒక పాట ఉంటే బాగుండునని మార్కు అన్నాడు. సోమ్లి ఆలోచించి, ఢావ్లో ఉందని చెప్పింది. పెళ్లయి అత్తగారింటికి పోయే పిల్ల, ఇంటివాళ్ల ఒక్కొక్కరి మెడ మీద పడి ఏడుస్తూ పాడేది. అతను ఎగిరి గంతేశాడు.

“మా దాది, గదే నాయనమ్మ, దగ్గర ముక్కలు ముక్కలుగ నేర్చుకుంటం,” అంది ఆమె. “ఇంటోళ్ల పేర్లు పెట్టి నిండుగ పాడేది మాత్రం ఒక్కసారే.”

“నీ గొంతుకు ఒక్క టేక్ చాలు,” అన్నాడు మార్కు. గొప్ప మెచ్చుకోలు అనుకున్నాడు పాపం.

రికార్డింగ్ చర్చి పక్క గదిలో. గోడల నిండా బొంతలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి ఉంచాడు. సోమ్లి ఆ రోజు నర్సులా రాలేదు. వాళ్ల నాయనమ్మ పెట్టెలోంచి తీసిన అద్దాల రవిక వేసుకుని, మోచేతుల దాకా గాజులతో వచ్చింది. ఎవరైనా చూస్తే గుండె జారిపోవాలి. మార్కు చూసి, “అద్దాలు చప్పుడైతయ్, మైక్‌కు జర దూరం కూసో,” అన్నాడు.

ఆమె పాడింది. తన యాడిని, అంటే అమ్మను, పేరు పెట్టి పిలిచింది. నాయనను పిలిచింది, అన్నను పిలిచింది. దొడ్లో మేకలకు చెప్పింది, వాగుకు చెప్పింది. మీ పిల్ల పోతున్నది, ఇంక నా కోసం చూడకండి అని చెప్పింది. పాట చివరికొచ్చేసరికి కన్నీళ్లు రవిక అద్దాల మీద పడుతున్నాయి. ఆ కళ్లతోనే అతని వైపు చూసింది.

మార్కు హెడ్‌ఫోన్స్ తీశాడు. “సూపర్ సోమ్లీ. మధ్యల ఆటో హారన్ పడ్డది. ఇంకొక్కసారి పాడవా?”

ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుని లేచింది.

“ఇది ఇంకోసారి ఉండదు మార్కూ,” అంది. సంచి తీసుకుని వెళ్లిపోయింది.

అలసిపోయిందనుకున్నాడు. హారన్‌ను కంప్యూటర్లో తుడిచెయ్యడానికి కూర్చున్నాడు. తుడిచేశాడు కూడా, అలాంటి పనుల్లో గట్టివాడే.

వానలు మొదలయ్యాక ‘వాగు అవతల’ విడుదలైంది. విశ్రాంతమ్మ పాటలన్నీ శ్రద్ధగా విని, బాగున్నాయిగానీ ఒక్కదాంట్లోనైనా ప్రభువు పేరు పెట్టాల్సిందంది. ఊళ్లో కుర్రాళ్లు, డీజే లేదా అన్నా అని అడిగారు. ఖమ్మం స్నేహితులు మొదటి పాట సగం విని హృదయం బొమ్మలు పంపారు. పట్నంలో సంగీతం గురించి రాసే ఒకాయన, ఇది జానపదమో రాకో చేసినవాడికే తేలలేదనీ, చివరి పాటలో ఆ అమ్మాయి ఏడుపు శ్రుతి మించిందనీ రాశాడు. పాల్వంచ లారీ డ్రైవర్ ఒకడు మాత్రం రోజూ పొద్దున్నే, ‘మళ్లీ విన్న అన్నా, గుడ్ మార్నింగ్’ అని కామెంట్ పెట్టేవాడు. మార్కు ఆ గుడ్ మార్నింగ్ మీదే బతికాడు.

సోమ్లికి లింక్ పంపాడు. చూసినట్టు గుర్తు వచ్చింది, జవాబు రాలేదు. అప్పటికి ఆమెకు భద్రాచలం బదిలీ అయింది. గోదావరి పొంగి ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు, నర్సులందరికీ వరద క్యాంపుల్లో డ్యూటీ. తీరిక ఉండదులే అని సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. ఎవరూ వినని ఆల్బమ్ పట్టుకుని ఆమె ముందుకు ఏ మొహంతో వెళ్లాలో అతనికి తెలియలేదు. సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే వానాకాలమంతా గడిపేశాడు.

చలికాలంలో ఉన్నట్టుండి గాలి మారింది. ఖమ్మంలో ఉషారాణి అనే లెక్చరర్, ఇంత మంచి ఆల్బమ్ మన పక్కనే ఉంటే ఎవరూ చెప్పలేదేమని వీడియో చేసింది. అందులో ఢావ్లో వినిపించింది. అంతే, ఆ పాట ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో, నా అప్పగింతలు గుర్తొచ్చాయి తల్లీ అని రాశారు. హైదరాబాద్‌లో పెద్ద వేదిక మీద పాడమని పిలుపొచ్చింది, ఆ పాట తప్పకుండా ఉండాలన్నారు.

ఇప్పుడు తలెత్తుకోవచ్చు. మార్కు స్వీట్ ప్యాకెట్ పట్టుకుని తండాకు వెళ్లాడు. సోమ్లి నాయనమ్మ వాకిట్లో కూర్చుని కందికాయలు వలుస్తోంది. దేవ్లా నులకమంచం బిగిస్తున్నాడు.

“నువ్వేనా గా పాటోనివి?” అంది ముసలామె.

అవునన్నాడు గర్వంగా. పాట బాగుందా దాదీ అని కూడా అడిగాడు.

“బాగుండుడేంది బిడ్డా. గా పాట బయటికొచ్చిన్నాడే విన్న. అందరి పేర్లు తీసుకోని నిండుగ పాడింది. గట్ల పాడిందంటే మా పిల్ల ఇల్లు దాటినట్టే. ఎవలే వాడు అని అడిగిన. వస్తడు దాదీ, అన్నది.”

మార్కు చేతిలో స్వీట్ ప్యాకెట్ అలాగే ఉండిపోయింది.

“ముందుగాల నేను ఒప్పుకోలే,” అన్నాడు దేవ్లా మంచం మీంచి తల ఎత్తకుండా. “మా అమ్మ ఒప్పిచ్చింది. పాడినంక ఇంకేముంది, రానీయ్, వాడే ఇయ్యాల అడుగుతడు రేపడుగుతడు అన్నది. వానలు పోయేదాక చూసినం. తండల నలుగురు నవ్విన్రు. నువ్వు రాలే.”

దూరం కూడా లేదు గదా బిడ్డా అని ముసలామె అడిగింది, నిజంగా అర్థంకాక. జూలూరుపాడు సంబంధం ఖాయమైందని, పిల్లవాడి పేరు కోటేష్ అని, మాఘంలో పెళ్లని దేవ్లా చెప్పాడు. మర్యాదగా నీళ్లిచ్చాడు. మార్కు తాగాడు.

ఆ సాయంత్రమే భద్రాచలం బస్సెక్కాడు. సోమ్లి డ్యూటీ దిగి కరకట్ట మీదికి వచ్చింది. గోదావరి బాగా తగ్గి, అవతల ఇసుక బయటపడి ఉంది. ఆమె కొంచెం చిక్కింది. అతన్ని చూసి కోపం తెచ్చుకుందామని చూసింది గానీ చేతకాలేదు.

“నాకు తెల్వదు సోమ్లీ.”

“అడగలే నువ్వు. ఒక్కసారే పాడతరని చెప్పిన గదా.”

“టేక్ గురించి అనుకున్న.”

సోమ్లికి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కట్ట మీద పోయేవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది. ఆ నవ్వు చూస్తే మార్కుకు ఏడుపొచ్చింది. అంతకాలం దాచుకున్నది అప్పుడు బయటపడింది.

“నువ్వంటే నాకు పానం. ఆల్బమ్ అయినంక చెప్దామనుకున్న.”

“నేను ఆల్బమ్‌లనే చెప్పిన.”

ఇప్పుడైనా మీ నాయన కాళ్లు పట్టుకుంటానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నాయనను తండా ముందు ఒకసారి తలదించుకునేలా చేశాను, రెండోసారి చెయ్యనంది. కోటేష్ మంచివాడనీ, పాట సంగతి తనే అతనికి చెప్పాననీ అంది.

“ఏమన్లే. పాట మొత్తం విన్నడు. ఒక్కటే అడిగిండు. గిది అందరి ఫోన్లల్ల మోగుతుంటే మన పెండ్లినాడు నువ్వేం పాడతవ్, అని. నా కాడ జవాబు లేదు మార్కూ.” గోదావరి వైపు తిరిగి, “దాన్ని తీసెయ్యవా?” అంది.

“జనం అదొక్కటే వింటున్నరు సోమ్లీ,” అన్నాడు. అనేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఎరికే,” అంది ఆమె మెల్లగా. “అందుకే నిన్ను అడుగుతున్న. ఊకెనే తీసేటిదైతే మెసేజ్ పెడుదును.”

టేకులపల్లి చేరగానే మార్కు పాట తీసేశాడు. తన కంప్యూటర్లో ఉన్న రికార్డింగు కూడా చెరిపేశాడు. ఒక్కసారి అంటే ఒక్కసారే.

విన్నవాళ్లకు కోపం వచ్చింది. చివరి పాట ఏదీ అని అడిగారు, పేరు రాగానే పొగరెక్కిందన్నారు. ఉషారాణి ఫోన్ చేసి మందలించింది. ఆ పాట లేకపోతే కార్యక్రమానికి వేరేవాళ్లను చూసుకుంటామని హైదరాబాద్ వాళ్లు మర్యాదగా చెప్పారు. మార్కు ఎవరికీ కారణం చెప్పలేదు. మెల్లమెల్లగా జనం వేరే పాటల్లో పడ్డారు, ‘వాగు అవతల’ మళ్లీ పాల్వంచ లారీ డ్రైవర్ పాలైంది.

కారణం తల్లికి మాత్రం చెప్పాడు. విశ్రాంతమ్మ విని కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. తర్వాత, “నాతోని ఒక్క మాట అంటే నేనే పొయ్యి అడుగుదును గదరా,” అంది. అతనికి ఆ సంగతి కూడా అప్పుడే తెలిసింది.

మాఘంలో పెళ్లయింది. మార్కును ఎవరూ పిలవలేదు, పిలిచినా వెళ్లేవాడు కాదు. కొన్నాళ్లకు సోమ్లి ఫోన్ చేసింది. మళ్లీ డ్యూటీలో చేరానంది, జూలూరుపాడులో అత్తగారు బాగా చూసుకుంటున్నారంది. పాట తీసేసినందుకు థాంక్స్ అంది.

“పాడినవా?” అని అడిగాడు చివరికి.

“పాడిన. నిండుగ పాడిన. మా యాడి ఏడ్చింది, నాయన ఏడ్చిండు. కోటేష్ గూడ కండ్లు తుడ్సుకున్నడు.”

“నువ్వు?”

అవతల వార్డులో ఎవరో సిస్టర్ అని పిలుస్తున్నారు. వస్తున్నానని ఆమె వాళ్లకు చెప్పడం వినిపించింది.

“నాకు రాలే మార్కూ,” అంది సోమ్లి. “అన్నీ ఆ దినమే అయిపోయినయ్.”