ఏడు ఎర్ర సున్నాలు

ఉదయం ఎనిమిదీ పదికి బస్‌స్టాపులో నిలబడ్డ ప్రూఫ్‌రీడర్ మీద రెండు బుల్లెట్లు పేలాయి. పేల్చినవాడు స్కూటర్ దిగలేదు. వెనక కూర్చున్నవాడు దిగి, కింద పడ్డ మనిషి చేతిలోని బ్యాగు లాక్కుని, హెల్మెట్ సర్దుకుని మళ్లీ ఎక్కాడు. మొత్తం పదిహేను సెకన్ల పని. అంత పొందిగ్గా చేసిన పనిలో ఒక్క లోపం మిగిలింది. వాళ్లకు కావలసిన కాగితాలు ఆ బ్యాగులో లేవు. చినుకులు పడుతున్నాయని ఆయన వాటిని చొక్కా లోపల పెట్టుకున్నాడు. తాను తడిసినా ప్రూఫు తడవకూడదనుకునే జాతి అది.

పదిన్నరకు ఆ కాగితాలు గూఢచారి శాఖ మూడో అంతస్తులో, పెద్దాయన బల్ల మీద ఉన్నాయి. ఒక మూల రక్తం మరక. మిగతా అంతా లెక్కలే.

బల్లకు ఇవతల కూర్చున్న ఏజెంట్‌ను శాఖలో అందరూ నత్త అంటారు. అతను తొందరపడగా చూసినవాళ్లు లేరు, పని చెడగొట్టగా చూసినవాళ్లూ లేరు.

"చనిపోయింది మీ బావ. రూల్స్ ప్రకారం ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు పెద్దాయన.

"మరి ఎందుకు పిలిచారు సార్?"

"ఇది చదవగలిగేవాడు మన దగ్గర ఇంకొకడు లేడు."

అది నిజమే. ఈ ఉద్యోగానికి ముందు నత్త మూడేళ్లు ఒక గణిత పత్రిక ఆఫీసులో, ఫార్ములా సెక్షన్లో, అక్క పక్కన కూర్చుని సూత్రాలు కంపోజ్ చేశాడు. తల్లీ తండ్రీ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ప్రూఫులు చూసేది బావ. ఇప్పుడు ఆ బావ చేతిరాత ఎదురుగా ఉంది. నత్త భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. కన్ను కనబడకుండా ఉండటానికి కూడా అది పనికొచ్చింది.

సూత్రాల మధ్య ఏడు అక్షరాలకు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. మార్జిన్‌లో ఒకే ప్రశ్న: "ఇవి టెక్స్ట్ ఫాంట్‌లో ఉన్నాయి. ఎందుకు?"

"టెక్స్ట్ ఫాంట్ అంటే?"

"వాక్యాలకు వాడేది సార్. లెక్కలకు వేరే ఫాంట్ ఉంటుంది. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాక్యంలో అక్షరాలు ఒకదాన్నొకటి ఆనుకుని నడుస్తాయి. లెక్కలో ఒక్కో అక్షరం ఒక్కో విలువ, కాబట్టి పక్కదాన్ని అంటుకోకూడదు. మా అక్క అనేది, మాటలో అక్షరాలది ఉమ్మడి కుటుంబం, సూత్రంలో ఎవరి కాపురం వాళ్లది అని. ఈ ఏడూ పక్కవాళ్ల ఇంట్లోకి తొంగి చూస్తున్నాయి."

"వరుసగా రాయి."

రాశాడు. ఒక వీధి పేరు వచ్చింది. పెద్దాయన ముఖం పాలిపోయింది.

"సరిహద్దు అవతల మన గూఢచారి, తోటమాలి అని మనం పిలిచేవాడు, ఉండే వీధి ఇది. భార్యా ఇద్దరు పిల్లలతో ఉన్నాడు. ఇంటి నంబరు మూడంకెలు. అవెక్కడ?"

"చివరి పేజీ ఇందులో లేదు సార్. ఆ మూడంకెలు అక్కడుంటాయి. వ్యాసం సాయంత్రం ఐదింటికి వెబ్‌సైట్‌లోకి వెళ్తుంది, అచ్చు సంచిక ఏడింటికి. ఆపేద్దామా?"

"ఆపితే ఇంకో దారిలో పంపుతారు. ఆ దారి మనకు తెలీదు, ఇది తెలుసు. వ్యాసం వెళ్లాలి, నంబరు మారాలి. ఆ వీధిలోనే మనవాళ్లు అద్దెకు తీసుకున్న ఖాళీ ఇల్లొకటి ఉంది." పెద్దాయన మూడంకెలు రాసిచ్చాడు. "ఎవరు చేస్తున్నారో తెలుసా?"

నత్తకు తెలుసు. ఆ పత్రికలో సూత్రాలు కంపోజ్ చేసేది ఒక్కరే.

నాలుగు దాటాక అతను కొరియర్ మనిషి యూనిఫాంలో, శాఖవారిచ్చిన పెట్టుడు మీసంతో, కాగితాల కట్టలు మోసుకుని ఫార్ములా సెక్షన్‌కు వెళ్లాడు. అక్క కంప్యూటర్ ముందు ఉంది. భర్త శవం ఇంకా మార్చురీలోనే ఉంది. పక్క కుర్చీ ఖాళీ.

"మీసం ఎడమవైపు ఊడొస్తోంది," అందామె తల తిప్పకుండానే. "తలుపు వెయ్యి రా."

అతను ప్రూఫు ఆమె ముందు పెట్టాడు. ఆమె రక్తం మరకను చూడలేదు, ఎర్ర సున్నాలను చూసింది. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఒక్కటీ వదల్లేదు," అంది.

"ఎందుకు చేశావక్కా?"

"ఆయన కళ్లు పోతుంటే ఏం చెయ్యమంటావు? ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడు ఆ సిల్కు చీర మేడమ్ వచ్చింది. విదేశంలో ఆపరేషన్ చేయిస్తానంది. ఎవరో ప్రొఫెసర్‌గారి ముచ్చట, కొన్ని అక్షరాలు టెక్స్ట్ ఫాంట్‌లో వెయ్యాలంతే అంది. మొదటి సంచికకి నాకేం తెలీదు. రెండోదానికి తెలిసింది. అప్పటికి ఒక కన్నే అయింది."

సిల్కు మేడమ్ ఎవరో నత్తకు బాగా తెలుసు. రెండేళ్లుగా శాఖకు అవతలివాళ్ల రహస్యాలు మోసుకొస్తున్న మనిషి. పెద్దాయన ఆవిడకు స్వయంగా టీ తెప్పించడం అతను రెండుసార్లు చూశాడు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలిందన్నమాట.

"బావతో చెప్పాల్సింది కదా, ఆ అక్షరాలు వదిలెయ్యమని."

"ఇరవై రెండేళ్లలో నా తప్పు ఒక్కటి కూడా ఆయన దాచలేదు. ఆయన పట్టిన తప్పుని నేను కాదనలేదు. అలాంటి మనిషిని ఎట్లా అడగను?" ఆమె ప్రూఫును దగ్గరికి లాక్కుంది. "కొత్త కళ్లతో మొదట చూసింది నా తప్పులే. నిన్న సాయంత్రం ఆ మేడమ్‌కి నేనే ఫోన్ చేశాను, ఆయన పట్టేశారు, ఇంక నావల్ల కాదని. సరే, మేం చూసుకుంటాం అంది. పీడ వదిలిందనుకున్నాను రా. పొద్దున ఆయనకి గొడుగు కూడా ఇవ్వలేదు, చినుకులే కదా అని."

నత్త ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు ఆమె చేసిన పని అది, అతనికి చేతకాలేదు. తర్వాత మూడంకెల చీటీ ఇచ్చి, తోటమాలి పిల్లల సంగతి చెప్పాడు.

ఆమె కళ్లు తుడుచుకుని ఫైలు తెరిచింది. పాత మూడు అంకెలను మ్యాథ్ ఫాంట్‌లోకి తెచ్చింది. కొత్తవి వెతికి ఒక్కొక్కదానికీ టెక్స్ట్ ఫాంట్ కమాండ్ తగిలించింది. మూడోది పూర్తవుతుండగా మెట్ల మీద హీల్స్ చప్పుడు వినిపించింది. నత్త తలుపు గడియ తీసి, కాగితాల కట్టల దగ్గర వంగి మీసం నొక్కుకున్నాడు.

నాలుగూ యాభై అయిదు. సిల్కు మేడమ్ లోపలికి వచ్చింది. ముఖం నిండా సానుభూతి, చేతిలో చిన్న హ్యాండ్‌బ్యాగ్.

"విన్నానమ్మా. చాలా బాధగా ఉంది. అయిపోయిందా? పంపెయ్యి."

అక్క మీట నొక్కింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. ఎక్కడో బ్రాకెట్ మూతపడలేదు. సాఫ్ట్‌వేర్ ముందుకు పోనంది. ఆమె ఫైలంతా పైకీ కిందికీ వెతికింది, దొరకలేదు. నాలుగూ యాభై ఎనిమిది.

"నూట నలభయ్యో లైనక్కా," అన్నాడు నత్త.

మూడేళ్లు ఆ గదిలో పనిచేసినవాడు తెర మీద తెరిచిన బ్రాకెట్ చూసి నోరు మూసుకోలేడు. మేడమ్ అతని వైపు తిరిగింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"కొరియర్‌వాళ్లకి లెక్కలు కూడా వచ్చా?"

అయిదొందల కాగితాల కట్ట ఆవిడ మణికట్టు మీద పడింది. గుండు సీలింగులోకి పోయింది. నత్త ఆవిడ చేతులు వెనక్కి విరిచి పట్టుకునేసరికి, అక్క బ్రాకెట్ మూసి మీట నొక్కింది. ఐదుకు నాలుగు సెకన్లు ఉండగా వ్యాసం వెళ్లింది.

శాఖ మనుషులు మేడమ్‌ను వెనక మెట్ల మీదుగా తీసుకెళ్లారు. అక్కను అరెస్టు చేయడానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగారు. అచ్చు సంచిక కూడా మామూలుగా ఏడింటికి వెళ్లాలని, అది చేయగల మనిషి ఒక్కరేనని పెద్దాయన ఫోన్‌లో ఒప్పుకున్నాడు.

ఆమె పేజీలన్నీ సరిచూసి ప్రింటు తీసింది. తీసి, అలవాటు కొద్దీ పక్క కుర్చీ వైపు చాపింది. కాగితాలు గాల్లో అలాగే ఉండిపోయాయి. నత్త వచ్చి ఆ కుర్చీలో కూర్చుని అందుకున్నాడు.

"నాకు ఈ లెక్కలు అర్థం కావక్కా."

"ఆయనకీ అర్థమయ్యేవి కావు. చూడు చాలు."

చూశాడు. అక్షరం అక్షరం, అంకె అంకె చూశాడు. మధ్యలో రెండుసార్లు కళ్లు మసకబారితే ఆగి, తుడుచుకుని, మళ్లీ ఆ లైను మొదటి నుంచి చూశాడు.

"తప్పుల్లేవక్కా."

ఆమె కాగితాలు తీసుకుని ఒక్కసారి పైనుంచి చూసింది.

"పేజీ తల మీద పోయిన సంచిక నెలే ఉంది. ఆయనైతే ముందు అదే చూసేవారు," అంది. అప్పుడు ఏడ్చింది, పొద్దుటి నుంచి మొదటిసారి, పైకి వినిపించేలా.

దిద్దుదామని నత్త జేబులో చెయ్యి పెట్టాడు. శాఖవారిచ్చిన కలాలు రెండున్నాయి. ఒకటి ఫోటోలు తీస్తుంది, ఇంకోటి మనిషిని పడగొడుతుంది. రాసేది మాత్రం ఒక్కటీ లేదు.