ఓడ బొమ్మ చద్దరు

షోలాపూర్ కొంతం చౌక్‌లో గడియారాల దుకాణం మీది గదిలో దత్తాత్రేయ డిటెక్టివ్ పని చేసేవాడు. బయట బోర్డు ఉండేది కాదు. బోర్డు పెడితే దొంగలు కూడా చదువుతారని అనేవాడు. అసలు సంగతి, రాయించడానికి బద్ధకం. అతని సహాయకుడు అంబాదాస్ మాత్రం ఆ మాటలో గొప్ప తెలివేదో ఉందని నమ్మి ఊరంతా చెప్పుకు తిరిగేవాడు.

1956 చలికాలంలో ఒక ఉదయం ఎల్లమ్మ ఆ మెట్లెక్కింది. కష్టంలో ఉన్నవాళ్లు సాధారణంగా గుమ్మం దగ్గర తటపటాయిస్తారు. ఈమె నేరుగా లోపలికి వచ్చి, కుర్చీ తనే లాక్కుని కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఆమెతో పాటు పొగాకు వాసన కూడా వచ్చి కూర్చుంది.

"నేను జోడ్‌భావి పేట్‌ల పెంటయ్య సేటు వాడాల ఒక అర్రల కిరాయికుంట. బీడీలు చుడ్త. ఇయ్యాల పొద్దుగాల నన్ను దొంగ అన్నరు. అంగణంల అందరి ముందట అన్నరు. నేను కాదని నువ్వు రుజువు చెయ్యాలె."

పోలీసులకు చెప్పారా అని దత్తాత్రేయ అడిగాడు.

"చెప్పలె. సేటు వాళ్లు సాయంత్రం బండికి బొంబాయి పోతున్నరు. బండి టైముకు పోయిన చద్దరు తెచ్చియ్యాలె, లేకుంటె అర్ర ఖాళీ చెయ్యాలె అన్నది సేటు పెండ్లాం లలితమ్మ. అర్ర పోతె ఇంకోటి దొరుకుతది సాబ్. పేరు పోతె యాడ దొరుకుతది?"

దత్తాత్రేయ కాళ్లు కిందికి దించి సరిగా కూర్చున్నాడు. అతనలా కూర్చున్నాడంటే కేసు ఒప్పుకున్నట్టే లెక్క.

ఆమె చెప్పిన సంగతి ఇది. కరెంటు మగ్గాల కార్ఖానా నడిపే పెంటయ్య, భార్య లలితతో ఓడ ప్రయాణం పెట్టుకున్నాడు. బొంబాయిలో ఎక్కి, కొలంబో దాకా పోయి తిరిగి రావడం. సరుకు అమ్మడానికి కాదు, మొక్కు తీర్చడానికీ కాదు, ఉత్తగా సముద్రం చూడటానికి. మన పద్మశాలీల్లో ఇలాంటి పని ఇంతకు ముందు ఎవడు చేశాడని పేట్ మొత్తం రొమ్ము విరుచుకుని తిరుగుతోంది. టికెట్ కొన్నది పెంటయ్యే అయినా, ఓడ ఎక్కబోయేది తామందరమే అన్నట్టుంది వాళ్ల సంబరం.

ఓడకు ఏం సర్దుకోవాలో తెలిసినవాడు ఒక్కడూ లేడు గనుక అందరూ సలహా ఇచ్చారు. వాంతులకు నిమ్మకాయలు మంచివని ఒకరు, సొంటి మంచిదని ఒకరు. సముద్రం మీద చలి కొరుకుతుందని ఉన్ని బట్టలు, ఉక్క పోస్తుందని పల్చటి బట్టలు. అక్కడ తిండి ఎలా ఉంటుందోనని జొన్నరొట్టెలు, డబ్బా నిండా పల్లి చట్నీ. లలిత ఎవరి మాటా తీసేయలేదు. పెట్టె నిండి మూత పైకి లేచింది. అన్నిటికీ పైన పెంటయ్య స్వయంగా నేసిన చద్దరు పెట్టారు. కార్ఖానాలో కరెంటు మగ్గాలున్నా, దీనికోసం మూలన పడ్డ చేతిమగ్గం దులిపి తనే కూర్చున్నాడు. అది ఓడ కప్తానుకు కానుక.

"ఎట్లుంటది ఆ చద్దరు?"

ఎల్లమ్మ ముఖం ఒక్క క్షణం కేసు సంగతే మరిచిపోయింది. "నీలి నీళ్ల మీద తెల్ల ఓడ. పెద్ద గొట్టం, దాంట్లకెళ్లి పొగ ఎనుకకు పోతుంటది. ముందట కొసకు జెండ. ఓడ కంటె ముందే ఊరు చేరుదామన్నట్టు ముందుకు ఊగుతుంటది. ఎంత ముద్దుగుంటదో."

నిన్న అమావాస్య. అమావాస్య నాడు మగ్గం ముట్టరు గనుక కార్ఖానా మూసి ఉంది, పనివాళ్లెవరూ రాలేదు. మర్నాడే ప్రయాణమేమిటని ముసలివాళ్లు గొణిగితే, ఓడకు పంచాంగం తెలియదని పెంటయ్య నవ్వాడు. లలిత, ఎల్లమ్మ కలిసి పెట్టె సర్దారు. తాళం చెడిపోయినందుకు సుతలి తాడుతో కట్టారు. మధ్యాహ్నం లలిత మార్కండేయుడి గుడికి పోతూ, గది ముందు కూర్చోమని ఎల్లమ్మకు చెప్పింది. పొద్దున ఇంకో పచ్చడి సీసా ఇరికిద్దామని విప్పి చూస్తే ఓడ చద్దరు లేదు. దాని చోట వాళ్ల ముందుగది దుకాణంలో అమ్మే మామూలు గీతల చద్దరు మడత పెట్టి ఉంది.

"నువ్వు కూసున్నప్పుడు ఎవరన్న వచ్చిన్రా ఎల్లక్కా?"

"బయటోళ్లు ఒక్కరు రాలె."

"ఇంట్లోళ్లు?"

"ఇంట్లోళ్లు వస్తరు, పోతరు. వాళ్ల ఇల్లు వాళ్లది. వాళ్ల మీద నేను కాపలా ఉంటనా?"

దత్తాత్రేయ టోపీ అందుకున్నాడు.

పెంటయ్య మర్యాదకు పెట్టింది పేరు. తాసిల్దారు వచ్చినా, నూలు మోసే కూలివాడు వచ్చినా గుమ్మం దాకా ఎదురు వచ్చి చేతులు జోడించే మనిషి. ఆరోజు మాత్రం ముందుగది దుకాణంలో గాదీ పరుపు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి నమస్కారం పెట్టాడు. తన గురువుకు ఇంత అవమానమా అని అంబాదాస్‌కు చెవులు ఎర్రబడ్డాయి. దత్తాత్రేయ అదేమీ పట్టించుకోకుండా ఎదురుగా చాప మీద చతికిలబడ్డాడు.

"ఒక్క చద్దరుకు ఇంత లొల్లి ఎందుకు దత్తన్నా?" అన్నాడు పెంటయ్య. "పోయింది, పోయింది. ఎల్లమ్మను నేను ఒక్క మాటన్నంటినా?"

"నువ్వు అన్లె. లలితక్క అంటున్నప్పుడు ఆపినవా?"

పెంటయ్య మాట మార్చాడు. బండి వేళ గురించి, టాంగావాడు వస్తాడో రాడో అన్న దిగులు గురించి చాలాసేపు మాట్లాడాడు. చద్దరు పోయినవాడు చద్దరు మాట తప్ప అన్నీ మాట్లాడుతున్నాడని అంబాదాస్‌కు కూడా అనిపించింది.

లోపలి గదిలో పెట్టె నోరు తెరుచుకుని ఉంది. దత్తాత్రేయ ఒక్కొక్క బట్టా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పరాయి ఆడవాళ్ల చీరలు అలా వాసన చూస్తుంటే అంబాదాస్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లలిత మాత్రం సానుభూతిగా తలాడించింది. ఎల్లమ్మ చెయ్యి పడితే చాలు, చీర అయినా రుమాలు అయినా పొగాకు వాసన కొడుతుందని, ఓడలో దొరసానులు ఏమనుకుంటారోనని ఆమె బాధ. దత్తాత్రేయ చివరగా ఆ గీతల చద్దరు ఎత్తి వాసన చూసి, అంబాదాస్‌కు ఇచ్చాడు. అంబాదాస్‌కు కొత్త నూలు, గంజి వాసన తప్ప మరేమీ తగల్లేదు.

తర్వాత సుతలి సంగతి. తను జారుముడి వేసి, బొంబాయిలో లాగితే ఊడేటట్టు కొసలు పొడుగ్గా వదిలానని లలిత చెప్పింది. పొద్దున చూస్తే లాగడానికి కొస లేదు. ముడి గోటికి చిక్కలేదు. కత్తితో కోయాల్సి వచ్చింది. దత్తాత్రేయ మూలన పడున్న సుతలి ముక్క తీసి చూశాడు. ముడి కందిగింజంత చిన్నది, రెండు కొసలూ మొదలంటా కత్తిరించి ఉన్నాయి. దాన్ని జేబులో వేసుకున్నాడు.

కిటికీలో ఓడ కంపెనీవాళ్లు పంపిన చిన్న పుస్తకం ఉంది. ప్రయాణికులు ఏం తెచ్చుకోవాలో అందులో రాసి ఉందట. తేలికైన బట్టలు, నల్లకళ్లద్దాలు, రాత్రి భోజనానికి ఒక మంచి జత, సామాను ఎంత తక్కువైతే అంత సుఖమని. నిన్న మధ్యాహ్నం వచ్చిందని, అప్పటికే పెట్టె కట్టేశాం గనుక ఎవరూ పాటించలేదని లలిత నవ్వింది. అట్ట మీద రంగుల బొమ్మ, సముద్రం మీద పోతున్న ఓడ. దత్తాత్రేయ లోపల ఒక్క పేజీ తిప్పలేదు గానీ ఆ అట్టను మాత్రం చాలాసేపు చూశాడు.

"చద్దరు చూద్దామని నిన్న ఎవరన్న వచ్చిన్రా?"

సాయంత్రం పెంటయ్య మేనమామ వచ్చాడని లలిత చెప్పింది. అశోక్ చౌక్‌లో దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించిన మనిషి, సొంత మేనమామకు చూపించనన్నాడట. కట్టిన పెట్టె విప్పడమెందుకని కసురుకున్నాడట. ప్రయాణం కంగారనుకున్నానని ఆమె అంది.

ఇక మిగిలింది పెంటయ్య తమ్ముడు రమేశ్. పూనా కాలేజీలో చదువు, బుట్టెడు కోపం. "ఓడ మీదికి నన్ను తీస్కపోరు గని, దొంగతనం మాత్రం నా మీద పెడ్తరా?" అన్నాడు. దత్తాత్రేయ ఏ నేరమూ మోపలేదు. రెండు సుతలి ముక్కలిచ్చి అతకమన్నాడు. ఈ వాడాలో పుట్టి కూడా ఏనాడూ మగ్గమెక్కని ఆ అబ్బాయి, ఉల్లిగడ్డంత ముడి వేసి ఇచ్చాడు. దత్తాత్రేయ అతని వీపు తట్టి పంపేశాడు.

మధ్యాహ్నం తిరిగాక అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టారు. టాంగా వచ్చి గేటు దగ్గర నిలబడింది. పెంటయ్య ప్రయాణపు కోటు తొడుక్కున్నాడు గానీ గాదీ మాత్రం దిగలేదు. ఎల్లమ్మ గోడకు ఆనుకోకుండా నిటారుగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ముందుగాల ఒక మాట," అన్నాడు దత్తాత్రేయ. "ఈ పెట్టెల ఎల్లక్క చెయ్యి తగిలిన ప్రతి బట్టకు పొగాకు వాసన ఉన్నది. ఆ మాట లలితక్కనే చెప్పింది. చద్దరు తీసినోళ్లు దాని జాగల ఇంకో చద్దరు మడిచి పెట్టిన్రు. దానికి ఆ వాసన లేదు. అది ఎల్లక్క ముట్టలె."

లలిత లోపలికి పోయి ఆ గీతల చద్దరు తెచ్చి తనే వాసన చూసింది.

దత్తాత్రేయ జేబులోంచి సుతలి తీశాడు. "ఇది పోగు అతికే ముడి. నేతల తెగిన పోగు ఇట్లనే కడ్తరు, కొసలు ఇట్లనే కత్తిరిస్తరు. ఉంచితె మగ్గంల చిక్కుతయి. సుతలికి ఆ తిప్పలు లేవు. పెట్టె కట్టినోడు ఎవడన్న కొసలు కోసుకుంటడా? మల్ల విప్పుడెట్ల? గని చిన్నప్పటి సంది మగ్గం మీద కూసున్న చేతికి ఆ తేడా తెల్వదు. ముడి పడంగనే కొసలు కోస్తది. మనసు దొంగతనం చేస్తుంటె చెయ్యి నేత పని చేసుకుంట పోయింది."

నిన్న అమావాస్య అని, కార్ఖానా నేతగాళ్లెవరూ రాలేదని అతను గుర్తు చేశాడు. రమేశ్‌కు ఈ ముడి రాదు. వ్యాపారుల ఇంటి నుంచి వచ్చిన లలితకూ రాదు. ఈ ఇంట్లో మగ్గమెరిగిన చేతులు ఇద్దరివి కావు, ఒక్కరివే. అంబాదాస్ నోరు తెరుచుకుని పెంటయ్య వైపు చూశాడు.

"నా చద్దరు నేనే దొంగిలిస్తనా?" అన్నాడు పెంటయ్య.

"నువ్వు ఒక్కసారి లేచి నిలబడు సేటు. పొద్దుటి సంది లేస్తలేవు. గుమ్మం దాక ఎదురొచ్చే మనిషివి, ఇయ్యాల నాకు కూసోనే దండం పెట్టినవు."

పెంటయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా లేచి, తనే గాదీ ఎత్తాడు. దాని కింద నీలి నీళ్ల మీద తెల్ల ఓడ మడతలు పడి ఉంది. కాల్చడానికో కోయడానికో చెయ్యి రాలేదన్నమాట. తన చేత్తో నేసిన బట్టను ఏ నేతగాడు పాడు చేయగలడు?

దత్తాత్రేయ కంపెనీ పుస్తకం అట్టను చద్దరు పక్కన పెట్టాడు. బొమ్మలో ఓడ ముందుకు పోతుంటే పొగ వెనక్కు పోతోంది, జెండా కూడా వెనక్కే ఎగురుతోంది. చద్దరు మీద పొగ వెనక్కు, జెండా ముందుకు. గాలి ఒకే ఓడ మీద రెండు దిక్కులా వీస్తోంది.

"నిన్న మధ్యాహ్నం దాక ఆ జెండ చూసి నేనే మురిసిన," అన్నాడు పెంటయ్య. "ఆ అట్ట చూసినంక పానం పోయింది. కప్తాను సముద్రం మీదనే బతికినోడు. చూడంగనే నవ్వుతడు. షోలాపూర్ పద్మశాలీలకు గాలి ఎటు పోతదో తెల్వదంటడు. నా ఒక్కని పరువా? పేట్ మొత్తం పరువు నా పెట్టెల ఉన్నది. పోయిందంటె అందరు అయ్యో అని ఊకుంటరనుకున్న. లలిత ఎల్లమ్మ పేరు తీస్తదని అనుకోలె. తీసినంక నాకు నోరు రాలె."

"నీ పరువు నిలబెట్టనీకి ఆమె పరువు తాకట్టు పెట్టినవ్," అన్నాడు దత్తాత్రేయ. అతను గొంతులో కోపం దాచుకోలేదు. తర్వాత చద్దరు పూర్తిగా విప్పి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. ఓడ తాళ్లు, కిటికీలు, నీటి మీది నురగ, అన్నీ పోగు పోగునా కనిపిస్తున్నాయి. "సముద్రం ఒక్కనాడు చూడనోడు నేసిండు ఇది. జెండ తప్పే. నవ్వితె నవ్వనియ్. నవ్వినంక ఒక్క జానెడు నేసి చూపియ్యమను ఆ కప్తానును."

పెంటయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఎల్లమ్మ దగ్గరికి వచ్చి తప్పయిందని, అర్ర ఎప్పటికీ ఆమెదేనని మెల్లగా చెప్పాడు. లలిత తల దించుకుంది. ఇక అయిపోయిందనుకుని రమేశ్ సామాను ఎత్తబోయాడు.

"ఈడ చెప్తె నడ్వది," అంది ఎల్లమ్మ. "నన్ను అంగణంల అన్నరు."

ఆమె ముందు నడిచింది. అంగణంలో నాలుగు వైపులా ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి లేచారు. సాగనంపడానికి వచ్చిన చుట్టాలు, పూలదండలు పట్టుకున్న పెద్దమనుషులు, టాంగావాడు, అందరూ ఉన్నారు. పెంటయ్య వాళ్ల నడుమ నిలబడి, చద్దరు రెండు చేతులా పట్టుకుని అంతా చెప్పాడు. జెండా సంగతి కూడా దాచలేదు. చద్దరు తనే తీశానన్నాడు, ఎల్లమ్మ మీద మాట పడుతుంటే విని ఊరుకున్నానన్నాడు, ఈ చద్దరు ఇలాగే తీసుకుపోయి జెండా తప్పని కప్తానుకు తనే చెబుతానన్నాడు. లలిత ముందుకు వచ్చి, మాటన్న నోరు తనదని, ఆ మాట వాపసు తీసుకుంటున్నానని అందరూ వినేలా అంది. ఎవరూ నవ్వలేదు. పెద్ద సేటు ఇంత చిన్నబోయి నిలబడటం పేట్‌లో ఎవరూ చూడలేదు, చిత్రంగా ఆ రోజే అతను వాళ్లకు పెద్దగా కనిపించాడు.

బండికి వేళవుతోంది. అయినా భార్యాభర్తలు గేటు వైపు అడుగు వేయలేదు. ఎల్లమ్మ నోటి మాట కోసం ఆగారు.

ఎల్లమ్మ ఒక్కొక్క గుమ్మం వైపూ తిరిగి చూసింది.

"అందరు ఇన్నరా?"

ఇన్నమన్నారు అందరూ.

"అయితె పోయిరా సేటూ. పోయిరా లలితమ్మా. సముద్రం ఎట్లుంటదో వచ్చినంక ముందుగాల నాకు చెప్పాలె."